ఆఫీసుకు సాఫ్ట్‌వేర్ కావాలి: జెమ్, ఎన్‌ఐసీ, టెండరు, నామినేషన్‌లలో ఏది?

ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆడిట్ పార్టీ వచ్చిన మూడో రోజు మా స్టోరు రూములో బీరువా తీయించారు. లోపల 140 వేలిముద్ర మెషిన్లు, సీలు కూడా విప్పని డబ్బాల్లో వరసగా పేర్చి ఉన్నాయి. ఆడిటర్ గారు ఒక్క మాట అనలేదు. పై డబ్బా ఒకటి తీసి, దాని మీద తేదీ చదివి, స్టాకు రిజిస్టరులో ఎంట్రీతో సరిచూసుకుని, మళ్లీ అక్కడే పెట్టేశారు. సాయంత్రం హాఫ్ మార్జిన్, అంటే ఆడిట్ వాళ్లు రాతపూర్వకంగా అడిగే ప్రశ్నల కాగితం, వచ్చింది. అందులో ప్రశ్న ఒక్కటే: వారంటీ మూడేళ్లు అని ఉంది, మొదటి మెషిన్ ఏ తేదీన వాడారు?

వాడితే కదా చెప్పడానికి! వాటిని నడపాల్సిన సాఫ్ట్‌వేర్ టెండరు అప్పటికి రెండుసార్లు రద్దయి మూడో పిలుపు కోసం ఎదురుచూస్తోంది. మెషిన్లు కొన్న పద్ధతిలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. పోటీ జరిగింది, రేటు బయటికంటే తక్కువే, కమిటీలో అందరి సంతకాలూ ఉన్నాయి. మార్చి 31 లోపు బడ్జెట్ ఖర్చయిపోవాలన్న తొందరలో వెనక కొనాల్సింది ముందు కొన్నాం. వారంటీలో సగం బీరువాలోనే కరిగిపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు కొనుగోళ్ల ఫైళ్ల మీదే గడిపాను. సెక్షన్‌కు కొత్తగా వచ్చినవాళ్లు అడిగేది ఒకటే. "సార్, ఏ దారిలో పోతే ఆడిట్ గొడవ ఉండదు?" అలాంటి దారి లేదు. కొనేటప్పుడు సులువుగా ఉన్న దారి మూడేళ్ల తర్వాత మెడకు చుట్టుకోవడం, మొదట్లో విసిగించిన దారి చివరికి నిశ్చింతగా ఉండడం చాలాసార్లు చూశాను. అందుకే దారుల సంగతి మొదలుపెట్టే ముందు నేను రెండు ప్రశ్నలు వేస్తాను. మీకు కావాల్సింది ఏమిటో, వచ్చాక కొలిచి చూసుకునేలా ఒక పేజీలో రాయగలరా? నాలుగో ఏడు దీన్ని ఎవరు నడుపుతారు? ఈ రెంటికీ మీరిచ్చే జవాబును బట్టే జెమ్ (ప్రభుత్వ ఆన్‌లైన్ బజారు) అయినా, ఎన్‌ఐసీ (ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ) అయినా, టెండరైనా, నామినేషన్ (పోటీ లేకుండా నేరుగా ఒకరికి ఇవ్వడం) అయినా.

రూళ్ల గురించి ఒక మాట. కేంద్ర శాఖలకు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, అంటే జీఎఫ్‌ఆర్ 2017 వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆఫీసులకు వాటి ఫైనాన్షియల్ కోడ్, వాటి జీవోలు ఉన్నాయి. ఇక్కడ నేను చెప్పే నంబర్లు జీఎఫ్‌ఆర్‌వి. రాష్ట్ర ఆఫీసులో ఉన్నవాళ్లు తమ జీవో తీసి పక్కన పెట్టుకుని చదవండి. అయితే ఆడిటర్ అడిగే ప్రశ్నల్లో మాత్రం ఢిల్లీ అయినా విజయవాడ అయినా పెద్ద తేడా ఉండదు.

జెమ్: పేరు చెబితే అందరికీ ఒకటే అర్థమయ్యే వస్తువులకు

డెస్క్‌టాప్, ప్రింటర్, స్కానర్, యూపీఎస్, రౌటర్. ఇలాంటివాటికి 2016లో మొదలైన జెమ్ పోర్టల్‌ను మించింది లేదు. కేంద్ర శాఖలైతే అక్కడ దొరికే వస్తువును అక్కడే కొనాలని జీఎఫ్‌ఆర్ 149వ రూలు చెబుతోంది. అందులో మూడు మెట్లున్నాయి. చిన్న మొత్తమైతే నేరుగా కొనుక్కోవచ్చు. మధ్యరకమైతే కనీసం ముగ్గురు తయారీదారుల వస్తువులు పోల్చి తక్కువ ధరది తీసుకోవాలి. దానిపైన బిడ్డింగ్ లేదా రివర్స్ ఆక్షన్ (అమ్మేవాళ్లు పోటీపడి ధర తగ్గించుకుంటూ పోయే వేలం). 2019 సవరణలో ఆ హద్దులు 25 వేలు, 5 లక్షలు. తర్వాత పెంచారు. కాబట్టి ఎవరో చెప్పిన అంకె పట్టుకోకుండా, కొనే రోజున అమల్లో ఉన్న ఉత్తర్వు ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

జెమ్‌లో కొన్నాం కదా, ఇక మనకేం బాధ్యత లేదు అనుకోవడమే అసలు చిక్కు. ధర సమంజసమేనని ధ్రువీకరించాల్సింది కొనే అధికారే అని అదే 149వ రూలులో ఉంది. పోర్టల్‌లో 62 వేలు చూపిస్తున్న లాప్‌టాప్ మీ ఊరి షాపులో 51 వేలకు దొరుకుతుంటే, ఎల్1 (అందరికంటే తక్కువ ధర) వచ్చింది కాబట్టి కొన్నాం అనే జవాబు నిలవదు. రెండు స్క్రీన్‌షాట్లు, ఒక షాపు రేటు, తేదీతో సహా ఫైల్లో ఉంటే అయిదు నిమిషాల పని.

ముక్కలు చేయడం ఇంకొక జబ్బు. పై అధికారి ఆమోదం అక్కర్లేకుండా పోతుందని పన్నెండు లక్షల కొనుగోలును మూడు ఇండెంట్లుగా (కొనుగోలు కోరే పత్రాలుగా) విడగొడతారు. ఒకే నెలలో, ఒకే సెక్షన్, ఒకే వస్తువు. దీన్ని పట్టుకోవడానికి ఆడిటర్‌కు తెలివితేటలు కూడా అక్కర్లేదు, ఎక్సెల్‌లో ఒక ఫిల్టర్ చాలు. పాత కొటేషన్ల రోజుల్లో ఇంకా తమాషాగా ఉండేది. మూడు వేర్వేరు షాపుల లెటర్‌హెడ్ల మీద వచ్చిన మూడు కొటేషన్లలోనూ 'మెయింటెనెన్స్' అనే మాటలో ఒకే అక్షరం ఒకేలా తప్పు పడింది ఒకసారి. మూడూ ఒకే కంప్యూటర్‌లో పుట్టాయని వేరే చెప్పాలా?

సరుకు చేరాక అంగీకార పత్రం ఇవ్వడానికి జెమ్‌లో పది రోజుల గడువు ఉంటుంది. డబ్బా విప్పి, ఆన్ చేసి, ర్యామ్, డిస్క్ సైజు చూసి, సీరియల్ నంబర్ రాసుకుని అప్పుడు ఇవ్వాలి. మా ఆఫీసులో లాగా లారీ దగ్గర డబ్బాలు లెక్కపెట్టి సంతకం చేయకండి.

సాఫ్ట్‌వేర్ తయారీని కూడా జెమ్‌లో సర్వీసుగా పెట్టవచ్చు. రెడీమేడ్ లైసెన్సులు, యాంటీవైరస్, ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) వరకు నాకు అభ్యంతరం లేదు. మీ శాఖ కోసం కొత్తగా రాయించుకునే అప్లికేషన్‌కు మాత్రం నేను ఈ దారి పట్టను. కొలతలిచ్చి కుట్టించుకోవాల్సిన చొక్కాను రెడీమేడ్ షాపులో వెతికినట్టుంటుంది.

ఎన్‌ఐసీ: ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి

నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ 1976 నాటిది. ప్రతి జిల్లా కలెక్టరేట్‌లోనూ దాని మనుషులుంటారు. హైదరాబాద్‌లో 2001 నుంచి సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ఉంది, రాష్ట్రాలకు తమ సొంత టెక్నాలజీ సర్వీసెస్ సంస్థలూ ఉన్నాయి. ఈ ప్రభుత్వ సంస్థలతో చేయించుకుంటే టెండరు గోల తప్పుతుంది, డేటా ప్రభుత్వ సర్వర్లలోనే ఉంటుంది. అన్నిటికంటే పెద్ద లాభం, సోర్స్ కోడ్ (ప్రోగ్రాము అసలు రాత) ఎవరిదన్న తగువు రాదు.

మరి ఇబ్బంది? క్యూ. మీ ముందు పది శాఖలుంటాయి. రాసిన ఆఫీసరు బదిలీ అయితే కొత్తాయన వచ్చి అర్థం చేసుకునేసరికి ఆరు నెలలు. పైగా ప్రైవేటు కంపెనీ ఆలస్యం చేస్తే పెనాల్టీ వేయొచ్చు, ఎన్‌ఐసీకి పెనాల్టీ ఎవరు వేస్తారు? డీవో లెటర్ (అధికారి పేరు మీద రాసే ఉత్తరం) రాసి బతిమాలుకోవడమే. ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఎన్‌ఐసీ సొంత మనుషులు చాలనప్పుడు, 1995లో పెట్టిన దాని అనుబంధ కంపెనీ ఎన్‌ఐసీఎస్‌ఐ ద్వారా ప్యానెల్ కంపెనీల ప్రోగ్రామర్లను తీసుకుంటారు. వాళ్ల జీతం మీ శాఖ బడ్జెట్‌లోంచే పోతుంది. నిధులు ఆలస్యమైతే వాళ్లు వెళ్లిపోతారు, కోడ్ తెలిసిన బుర్రలూ వాళ్లతోనే పోతాయి. కాబట్టి "ఎన్‌ఐసీ కదా, ఫ్రీ" అని నోట్ రాయకండి. అయిదేళ్లకు మనుషుల ఖర్చు లెక్క వేసి రాయండి.

తెలంగాణలో భూముల రికార్డుల పోర్టల్ ఈ రెండు దారులూ తొక్కింది. 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణి నిర్వహణ మొదట ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉండేది. 2024 డిసెంబరులో అది ఎన్‌ఐసీకి మారింది, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. రాజకీయంగా ఎవరి వాదన వారిది, దాని జోలికి నేను పోను. కొనుగోళ్ల గుమాస్తాగా నా కళ్లు ఆగేది చేతులు మారిన ఆ వారాల దగ్గర. ఊరూరి రైతుల పాసుపుస్తకాల డేటా ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోవాలంటే డేటాబేస్ నమూనా, ఎడ్మిన్ పాస్‌వర్డ్‌లు, బ్యాకప్‌లు, ఏ లాగిన్‌తో ఎవరేం చేశారన్న చిట్టా అన్నీ అప్పగించాలి. ఆ అప్పగింత షరతులు మొదటి అగ్రిమెంట్‌లోనే ఉండాలి. వెళ్లిపోయేవాడితో తర్వాత కూర్చుని బేరమాడేది కాదు.

నా సలహా: పని పద్ధతి స్థిరపడిపోయినది, రూళ్లు ఏటా మారనిది, ఆరు నెలలు ఆగినా మునిగిపోనిది అయితే ఎన్‌ఐసీకే ఇవ్వండి. జనం డేటా, భూముల రికార్డు, కోర్టు రికార్డు లాంటివైతే ఆలస్యమైనా సరే అక్కడికే పొమ్మంటాను.

టెండరు: ఎల్1 అయితే తేలిక, క్యూసీబీఎస్ అయితే తెలివి కావాలి

ఈ-ప్రొక్యూర్‌మెంట్ మన దగ్గర కొత్తదేం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే మొదలైంది. టెండరు పెట్టె దగ్గర మనుషుల్ని నిలబెట్టి పక్కవాడి కవరు పడకుండా చూసే రోజులు దాంతో పోయాయి. కానీ పెట్టె దగ్గర ఆగిన ఆట అర్హత షరతుల్లోకి వచ్చింది. "గత మూడేళ్లలో ఇదే రాష్ట్రంలో, ఇదే శాఖకు, ఇదే పని చేసి ఉండాలి" అని రాస్తే దేశం మొత్తంలో ఒక్కరే మిగులుతారు. ప్రీబిడ్ మీటింగ్‌లో (బిడ్లు వేయకముందు పెట్టే సమావేశంలో) కంపెనీలు అడిగే ప్రశ్నలు శ్రద్ధగా చదవండి. నలుగురు ఒకే షరతు మీద అడిగారంటే మీ షరతులో ఏదో ఉంది.

ఇక అసలు ఎంపిక. టెక్నికల్‌గా పాసైనవాళ్లలో తక్కువ ధరకు ఇచ్చేది ఎల్1 పద్ధతి. నాణ్యతకు కొన్ని, ధరకు కొన్ని మార్కులు కలిపి చూసేది క్యూసీబీఎస్. మాటల్లో చెబితే రెండూ బాగానే ఉంటాయి, అంకెల్లో చూద్దాం. ఒక కంపెనీకి టెక్నికల్ మార్కులు 90, ధర 1.40 కోట్లు. రెండోదానికి 72 మార్కులు, ధర 1 కోటి. ఎల్1 అయితే రెండోదే. నాణ్యతకు 70, ధరకు 30 అనుకుంటే? మొదటిదానికి 90లో 70 శాతం అంటే 63. ధర మార్కులు, తక్కువ ధరను దాని ధరతో భాగించి 30తో హెచ్చిస్తే 21.43. మొత్తం 84.43. రెండోదానికి 50.4, దానికి పూర్తి 30 కలిపి 80.4. మొదటిది గెలిచింది. ఇప్పుడు నిష్పత్తి తిప్పేసి నాణ్యతకు 30, ధరకు 70 పెట్టండి. మొదటిదానికి 77, రెండోదానికి 91.6. కంపెనీలు అవే, ధరలు అవే, గెలిచింది వేరు.

అంటే టెండరు పిలవక ముందే, నిష్పత్తి రాసిన రోజునే సగం ఫలితం తేలిపోయింది. 40 లక్షలు ఎక్కువ ఎందుకిచ్చారని ఆడిటర్ అడిగితే జవాబు ఆ నిష్పత్తి నోట్‌లోనే ఉండాలి. కేంద్రం కూడా ఈ పద్ధతికి కళ్లెం వేసే ఇచ్చింది. 2021 అక్టోబరులో ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం, కన్సల్టెన్సీ కాని సేవల్లో నాణ్యతకు 30 శాతం మించి ఇవ్వకూడదు. పని విలువ పది కోట్లు దాటితే, అది కూడా ఆ పనికి నాణ్యత ముఖ్యమని ముందే ప్రకటించినప్పుడు మాత్రమే. సాఫ్ట్‌వేర్ రాయించడం కన్సల్టెన్సీయా కాదా అన్నది తలనొప్పి ప్రశ్న. ఫైనాన్స్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తేల్చుకుని ముందుకు పొండి.

మార్కులు వేసే చోట నాకు భయం పుట్టించేది ప్రెజెంటేషన్. 100లో 40 మార్కులు ప్రెజెంటేషన్‌కు పెట్టిన ఆర్‌ఎఫ్‌పీ (టెండరు పత్రం) చూశాను. కోటు వేసుకుని బాగా మాట్లాడినవాడు గెలిచాడు. మాట్లాడినాయన సంతకాలయ్యాక మళ్లీ కనిపించలేదు, పని చేయడానికి అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన పిల్లలు వచ్చారు. వాళ్ల తప్పేముంది పాపం. అప్పటినుంచి నా లెక్క ఇది: ప్రెజెంటేషన్‌కు 10 మించొద్దు. దాని బదులు మీ శాఖ నిజమైన ఫారం ఒకటి ఇచ్చి, రెండు వారాల్లో దాన్ని పనిచేసే స్క్రీనుగా చేసి చూపించమనండి. మీ గుమస్తా దాని మీద ఇరవై దరఖాస్తులు ఎక్కించి చూడాలి. ఎక్కించగలిగాడా లేదా అన్నది కమిటీ మనసును బట్టి మారదు.

ఎవరు గెలిచినా, పాతదాన్ని ఏ రోజు ఆపుతారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2019 ఏప్రిల్ 18న కొత్త సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? తెలుగులో సున్నా వచ్చిన అమ్మాయికి పునఃపరిశీలనలో 99 వచ్చాయి. ఎన్నో ఇళ్లలో విషాదం మిగిలింది. తెలంగాణ స్టేట్ టెక్నాలజీ సర్వీసెస్ ఎండీ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిటీ వేయాల్సి వచ్చింది. ఆదాయపు పన్ను కొత్త పోర్టల్‌కు 2019 జనవరిలో కేంద్ర కేబినెట్ ఎనిమిదిన్నరేళ్లకు దాదాపు 4,242 కోట్లు మంజూరు చేసింది. 2021 జూన్ 7న పాతది తీసేసి కొత్తది పెడితే నెలల తరబడి జనం తిప్పలు పడ్డారు. కాబట్టి ఒక పూర్తి సీజన్, అంటే ఒక పరీక్షల ఫలితమో, ఒక పన్నుల కాలమో, పాతదీ కొత్తదీ పక్కపక్కన నడవాలని ఆర్‌ఎఫ్‌పీలో రాయండి. దానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు కూడా అంచనాలో చూపించండి.

గెలిచినవాడితో మళ్లీ బేరాలకు కూర్చోవడం గురించి కూడా జాగ్రత్త. ఎల్1తో కూడా అసాధారణ పరిస్థితుల్లో తప్ప చర్చలు వద్దని సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ 2007 మార్చిలోనే చెప్పింది. ఎల్2, ఎల్3లను పిలిచి మాట్లాడడం సంగతి సరేసరి.

నామినేషన్: తొందరగా దొరుకుతుంది, తొందరగా దొరికిపోతాం

"సార్, టెండరు పిలిస్తే ఆరు నెలలు. ఫలానా కార్పొరేషన్ ప్రభుత్వ సంస్థే కదా, దానికి నామినేషన్ మీద ఇచ్చేద్దాం." ఈ మాట వినని సెక్షన్ ఉండదు. ఆ కార్పొరేషన్ ఏం చేస్తుంది? తన మార్జిన్ తీసుకుని కింద ఒక ప్రైవేటు కంపెనీకి ఇస్తుంది. ఆ కంపెనీని ఎలా ఎంచుకుందో మీ ఫైల్లో ఉండదు. పని చెడితే కార్పొరేషన్ కంపెనీని, కంపెనీ కార్పొరేషన్‌ను చూపిస్తాయి, ప్రశ్న మాత్రం మీ పేరు మీద వస్తుంది.

పోటీ లేకుండా ఇవ్వడం మినహాయింపే తప్ప మామూలు పద్ధతి కాదని మీరట్ నగర నిగమ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని ఉటంకిస్తూ 2007 జులైలో విజిలెన్స్ కమిషన్ సర్క్యులర్ ఇచ్చింది. జీఎఫ్‌ఆర్ 194వ రూలు నామినేషన్‌ను పూర్తిగా కొట్టేయదు. అత్యవసరం, జరుగుతున్న పనికి కొనసాగింపు, ఆ ఒక్కరి దగ్గరే ఉన్న ప్రత్యేక పరిజ్ఞానం లాంటివైతే కారణం పూర్తిగా రాసి, అధికారం ఉన్నవారి ఆమోదంతో ఇవ్వొచ్చు.

ఇందులో 'అత్యవసరం' అనే మాటను మేం ఎంత అరగదీశామో! వరద, కోవిడ్ అత్యవసరాలు. రెండేళ్లుగా తెలిసిన ఏఎంసీ గడువు రేపు ముగియడం అత్యవసరం కాదు, మన నిద్ర. నేనైతే నామినేషన్‌ను రెండే సందర్భాల్లో ఒప్పుకుంటాను. ఉన్న సిస్టమ్‌ను కొత్త టెండరు తేలేదాకా ఆగకుండా నడిపించడానికి, గరిష్ఠంగా ఆరు నెలలు. లేదా నిజంగానే ఇంకెవరూ చేయలేని చిన్న పనికి, ఆ కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ మీద కాకుండా మన టెక్నికల్ మనిషి రాసిన నోట్ మీద.

డబ్బు కట్టే తీరు

ఎవరికి ఇచ్చామన్నదాని కంటే ఎలా కడతామన్నదే పనిని ఎక్కువ శాసిస్తుంది. మొత్తం ఇంత అని మాట్లాడుకుని మైల్‌స్టోన్లకు (పనిలో ఒక్కో దశకు) కడితే బడ్జెట్ తెలుస్తుంది, కానీ చిన్న మార్పు అడిగినా 'చేంజ్ రిక్వెస్ట్' అని బిల్లు వస్తుంది. మనుషుల లెక్కన నెలనెలా కడితే మార్పులకు ఇబ్బంది లేదు, పని ఎప్పటికీ పూర్తి కాదు. లావాదేవీకి ఇంత అని కట్టేది మూడోది. హైదరాబాద్‌లో 2001లో వచ్చిన ఈ-సేవ ఆ పద్ధతి మీదే నడిచింది. జనం వచ్చినకొద్దీ నిర్వాహకుడికి డబ్బు, కాబట్టి కౌంటరు మూసి ఉంచడు. రోజుకు ఎన్ని లావాదేవీలు జరుగుతాయో మీకు సుమారుగా తెలిస్తే ఇదే మేలు. తెలియకపోతే అంచనా తప్పి ఎవరో ఒకరు మునుగుతారు.

మైల్‌స్టోన్ పద్ధతిలో ఒక్క సూచన. "డిజైన్ డాక్యుమెంట్ సమర్పణ: 30 శాతం" అని పెట్టకండి. కాగితం సమర్పించి ముప్పై శాతం పట్టుకుపోయినవాళ్లున్నారు. కనీసం 40 శాతం డబ్బు, మీ సిబ్బంది మూడు నెలలు నిజంగా వాడిన తర్వాతే కదలాలి. పెనాల్టీ షరతు రాస్తే వేయండి. ఆధార్ సంస్థ మీద 2022 ఏప్రిల్‌లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక, బయోమెట్రిక్ సేవల కంపెనీల పనితీరు చాలకపోయినా పెనాల్టీలు మాఫీ చేయడాన్ని తప్పుపట్టింది. షరతు రాసి వదిలేయడం, అసలు రాయకపోవడం కంటే ఎక్కువ సంజాయిషీ అడుగుతుంది.

పైనుంచి ఎవరు చూస్తే పని బాగుపడుతుంది?

నిఘా కూడా ఎంచుకోవాల్సినదే. ముందే చూసే నిఘా ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం ప్రకారం 100 కోట్లు, ఆపైన ఉన్న మౌలిక సదుపాయాల టెండర్ల ముసాయిదాను ముందు ఒక న్యాయమూర్తి చూడాల్సి ఉండేది, జనం అభ్యంతరాలు చెప్పే వీలుండేది. 2024లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. ఆలస్యం జరుగుతుందన్న వాదనలో నిజముంది. కానీ ముసాయిదాను జనం ముందు పెట్టడానికి న్యాయమూర్తే కావాలా? మీ ఆర్‌ఎఫ్‌పీ ముసాయిదాను పదిహేను రోజులు మీ వెబ్‌సైట్‌లో పెట్టి సలహాలు అడగడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

పని జరిగాక చూసేది కాగ్. దాని బలం డేటాలో ఉంది. ఆయుష్మాన్ భారత్ మీద 2023 నివేదికలో, పది తొమ్మిదులున్న ఒకే ఫోన్ నంబరుకు 7,49,820 మంది లబ్ధిదారులు ముడిపడి ఉన్నట్టు బయటపెట్టింది. ఒక్క చెక్ పెట్టి ఉంటే ఆపగలిగిన తప్పు. కానీ కాగ్ వచ్చేసరికి బిల్లులన్నీ పాసైపోయి ఉంటాయి, చాలాసార్లు ఆఫీసరూ మారిపోయి ఉంటాడు.

నడుస్తుండగా చూసే నిఘా మన దగ్గర బలహీనం. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ప్యానెల్ ఆడిటర్‌తో సెక్యూరిటీ పరీక్ష చేయిస్తాం, ప్రభుత్వ నాణ్యతా పరీక్షల సంస్థ ఎస్‌టీక్యూసీతో టెస్టింగ్ చేయిస్తాం, సర్టిఫికెట్ ఫైల్లో పెడతాం. ప్రాజెక్టు గడువులో ఉందా, డబ్బు ఎంత పోయింది, జనం వాడుతున్నారా అని ఏడాదికి రెండుసార్లు అడిగేవాళ్లు లేరు. అమెరికాలో 2014లో ఫిటారా అనే చట్టం తెచ్చి, శాఖల టెక్నాలజీ ఖర్చు మీద ఆ శాఖ ముఖ్య సమాచార అధికారికి గట్టి పెత్తనం ఇచ్చారు. 2015 నుంచి కాంగ్రెస్ కమిటీ ఒక్కో శాఖకు స్కూల్ పిల్లల ప్రోగ్రెస్ కార్డులా ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడులు ఇస్తూ వచ్చింది. మార్కులు బయటపడితే సిగ్గేస్తుంది కదా, ఆ మందే పనిచేస్తుంది. మన అసెంబ్లీ కమిటీలు అలా ఒక పట్టిక విడుదల చేస్తే చూడాలని ఉంది.

పౌరుడిగా మీ చేతిలో ఉన్నది ఆర్టీఐ. "అవినీతి జరిగిందా" అని అడిగితే జవాబు రాదు. అగ్రిమెంట్ కాపీ, ఇప్పటివరకు చెల్లించిన బిల్లుల జాబితా, వేసిన పెనాల్టీల వివరం, యాక్సెప్టెన్స్ సర్టిఫికెట్ తేదీ అడగండి. ఆ నాలుగు కాగితాలు పక్కపక్కన పెడితే కథ అదే చెబుతుంది. కాగితాలు లేకపోతే ఎంత పెద్ద దేశమైనా అంతే. కోవిడ్ కాలంలో కెనడా సరిహద్దుల్లో వాడిన అరైవ్‌క్యాన్ యాప్‌కు అసలు ఎంత ఖర్చయిందో 2024లో అక్కడి ఆడిటర్ జనరల్ కచ్చితంగా తేల్చలేకపోయారు. రికార్డులు అంత అధ్వానంగా ఉన్నాయి. సుమారు 5.95 కోట్ల కెనడా డాలర్లని అంచనా మాత్రమే వేయగలిగారు.

ఒక ఫైలు ఉదాహరణగా

మధ్యరకం మున్సిపాలిటీ అనుకోండి. ఫిర్యాదుల యాప్ కావాలి, చేతిలో 35 లక్షలున్నాయి. నేనైతే మొదట అలాంటిది ఇంకో మున్సిపాలిటీ దగ్గరో, రాష్ట్ర శాఖ దగ్గరో ఇప్పటికే నడుస్తోందా అని ఉత్తరం రాస్తాను. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్ ఒకరితో ఒకరు పంచుకోవాలని కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది, అయినా అందరం ఎవరి యాప్ వాళ్లే కొంటున్నాం. దొరికితే తెచ్చుకుని, మార్పులకు మాత్రమే చిన్న టెండరు. దొరక్కపోతే ఎల్1, పనిచేసే స్క్రీను పరీక్ష పాసైనవాళ్ల మధ్య. ఇంత చిన్న పనికి క్యూసీబీఎస్ వద్దు, మార్కుల తగువులు తీర్చేసరికి 35 లక్షల పనికి ఏడాది పడుతుంది. ట్యాబ్‌లు జెమ్‌లో, కానీ యాప్ యాక్సెప్టెన్స్ అయ్యాకే. మా బీరువా సంగతి మీకు చెప్పాను కదా.

నోట్ ఫైల్లో నేను రాసే పేరా ఇలా ఉంటుంది: "ప్రస్తుతం ఫిర్యాదులు రిజిస్టరులో నమోదవుతున్నవి. గత సంవత్సరం వచ్చినవి, పరిష్కరించినవి, సగటున పట్టిన రోజులు అనుబంధం 1లో కలవు. ఇతర సంస్థల వద్ద ఉన్న అప్లికేషన్ల కోసం రాసిన లేఖలు, వచ్చిన జవాబులు అనుబంధం 2లో కలవు. నామినేషన్, క్యూసీబీఎస్ పద్ధతులు ఎందుకు ప్రతిపాదించలేదో అనుబంధం 3లో కలదు. అయిదేళ్ల నిర్వహణ ఖర్చుతో కలిపి అంచనా అనుబంధం 4లో కలదు. పాత రిజిస్టరు ఆరు నెలలు సమాంతరంగా కొనసాగును. ట్యాబ్‌ల కొనుగోలుకు ఇండెంట్, అప్లికేషన్ యాక్సెప్టెన్స్ అనంతరం వేరుగా సమర్పించబడును."